దుబాయ్‌లో ఇల్లు, మా ఇంట్లో లెక్క

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు పెద్దలు. ఇప్పుడు రోజులు మారాయి. ఇల్లు కట్టనక్కర్లేదు, కనీసం చూడనక్కర్లేదు. ఇక్కడ సోఫాలో కూర్చుని ఫోన్లో సంతకం పెడితే, సముద్రం అవతల ముప్ఫయ్యో అంతస్తులో ఇల్లు మనదైపోతుందట! ఈ మాట నేను ఎక్కడో చదివి చెప్పడం లేదమ్మా. సాక్షాత్తూ మా ఇంట్లోనే, పోయిన ఏడాది అంటే 2025 శ్రావణ మాసంలో జరిగిన సంగతి. ఆ నెల రోజులూ మా ఇంట్లో వంట మీద కన్నా లెక్కల మీదే ఎక్కువ ధ్యాస పెట్టాల్సి వచ్చింది.

ఈమధ్య గల్ఫులో అన్నయ్యలో, భర్తో ఉన్న సోదరీమణులు కొందరు నన్ను ఇదే విషయం అడుగుతున్నారు. "మావారు అక్కడ ఫ్లాట్ కొందామంటున్నారు, ఏం చేయమంటారు?" అని. నేనేమీ పెద్ద చదువులు చదివినదాన్ని కాదు. ఇంటర్ పాసై, పెళ్ళి చేసుకుని, ఇరవై ఏళ్ళుగా నెలసరి జీతంలో ఇల్లు నెట్టుకొస్తున్నదాన్ని. అయినా మా ఇంట్లో జరిగింది జరిగినట్టు చెప్తాను. మీ ఇంటికి ఏది పనికొస్తే అది తీసుకోండి.

మా మరిది పన్నెండేళ్ళ నుంచి దుబాయ్‌లో ఉంటున్నాడు. భవనాలకు కావలసిన ఇనుము, సిమెంటు, టైల్సూ సరఫరా చేసే కంపెనీలో ఉద్యోగం. ఒకరోజు రాత్రి ఫోన్ చేసి మావారితో గంటసేపు మాట్లాడాడు. ఫోన్ పెట్టేశాక మావారి మొహం వెలిగిపోతోంది.

"ఏమోయ్, మన స్థలం అమ్మేద్దామా?" అన్నారు.

నా చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. ఆ స్థలం 200 గజాలు. ఊరి చివర ఉన్నప్పుడు, చీటీ పాడి కొంత, నా గాజులు పెట్టి కొంత తెచ్చి కొన్నది. మా అమ్మాయి పెళ్ళికో, పై చదువుకో అని పేరు పెట్టుకుని మరీ దాచుకున్నది. ఇప్పుడు దాని చుట్టూ ఇళ్ళు వచ్చేశాయి. అమ్మితే పన్నులూ అవీ పోను చేతికి తొంభై లక్షల పైచిలుకు వస్తుంది.

మరిది చెప్పిన పథకం ఇదీ. దుబాయ్‌లో ఒక కొత్త భవనంలో ఒక పడగ్గది ఫ్లాట్, ధర 10 లక్షల దిర్హామ్‌లు. ఇంకా కట్టడం మొదలుపెట్టారంతే. కడుతున్నంత కాలం వాయిదాల మీద 40 శాతం కట్టాలి. తాళాలు ఇచ్చే రోజున మిగతా 60 శాతం. "ఆ అరవై మనం కట్టనే అక్కర్లేదు అన్నయ్యా! తాళాలిచ్చే లోపలే ధర పెరుగుతుంది, ఇంకొకళ్ళకి అమ్మేస్తాం. మన పెట్టుబడి మీద రెట్టింపు!" అని.

ఆ ఆదివారమే మన హైదరాబాదులో ఒక పెద్ద హోటల్లో ఆ కంపెనీవాళ్ళ ప్రదర్శన ఉందన్నారు. సరే పదండి, చూసొద్దాం అన్నాను. వెళ్ళాం. ఏమి మర్యాదలు! గుమ్మంలోనే పన్నీరు చల్లనంత మాత్రం తక్కువ. హాలు మధ్యలో అద్దాల పెట్టెలో భవనం బొమ్మ. చిన్న చిన్న చెట్లు, నీలం రంగు ఈత కొలను, వేలెడు మనుషులు, లోపల దీపాలు. మన దసరా బొమ్మల కొలువు దాని ముందు దిగదుడుపే. మావారు ఆ బొమ్మలో "మన ఫ్లాట్" ఎక్కడో వేలు పెట్టి చూపిస్తుంటే, నాకు మాత్రం మా అక్క గుర్తొచ్చింది.

మా అక్క సంగతి

మా బావగారు షార్జాలో ఒక కట్టడాల కంపెనీలో అకౌంట్స్ చూసేవారు. 2002లో దుబాయ్ ప్రభుత్వం విదేశీయులు కూడా అక్కడ ఇళ్ళు కొనుక్కోవచ్చని అనుమతి ఇచ్చింది. 2006లో దానికి చట్టం కూడా వచ్చింది. అప్పట్నుంచి ధరలు పాలపొంగులా లేచాయి. పొద్దున కొన్న బుకింగు కాగితం సాయంత్రానికి లాభానికి అమ్ముకున్నవాళ్ళున్నారని బావగారు చెబుతుంటే మేం నోళ్ళు తెరుచుకుని వినేవాళ్ళం.

2008 మొదట్లో బావగారు కూడా ఒక ఫ్లాట్ బుక్ చేశారు. ధర 6 లక్షల దిర్హామ్‌లు. మూడు వాయిదాలు కలిపి లక్షన్నర దిర్హామ్‌లు కట్టారు. అప్పట్లో దిర్హామ్ పన్నెండు రూపాయల లెక్కన మన డబ్బు 18 లక్షలు. మిగతా వాయిదాలకి ముందు తేదీలు వేసి చెక్కులు ఇచ్చేశారు. ఆయన ఆలోచన కూడా అదే, ఇల్లు పూర్తయ్యేలోపు అమ్మేద్దామని.

2008 సెప్టెంబరులో అమెరికాలో లేమన్ బ్రదర్స్ అనే పెద్ద సంస్థ దివాలా తీసింది. ఎక్కడి అమెరికా, ఎక్కడి షార్జా అనుకున్నాం. కానీ బ్యాంకులు అప్పులివ్వడం ఆపేశాయి. అప్పుల మీద నడిచే కట్టడాలన్నీ ఎక్కడివక్కడ ఆగాయి. తర్వాత రెండు మూడేళ్ళలో దుబాయ్‌లో ఇళ్ళ ధరలు సగానికి పైగా పడిపోయాయి. 2009 నవంబరులో దుబాయ్ వరల్డ్ అనే ప్రభుత్వ సంస్థే "మా అప్పులు తీర్చడానికి కొంచెం గడువివ్వండి" అని అడిగిందంటే చూడండి. ఆఖరికి పక్కనున్న అబూధాబీ 1,000 కోట్ల డాలర్లు సర్ది ఆదుకోవాల్సి వచ్చింది. బుర్జ్ దుబాయ్ అని పేరు పెట్టి కట్టుకొచ్చిన ప్రపంచంలోకెల్లా ఎత్తయిన భవనానికి 2010 జనవరిలో ప్రారంభించే రోజున అబూధాబీ పాలకుడి పేరున బుర్జ్ ఖలీఫా అని పేరు మార్చారు.

పెద్దవాళ్ళకి పక్కింటి చుట్టం దొరికాడు. మా బావగారికి ఎవరున్నారు? 2009లో ఆయన ఉద్యోగం పోయింది. కట్టడాలు ఆగిపోతే కట్టడాల కంపెనీకి గుమాస్తాలెందుకు? ఫ్లాట్ బేరం పెట్టారు, అడిగినవాళ్ళు లేరు. ముందు తేదీలు వేసిన చెక్కులు ఒక్కొక్కటే గడువుకొస్తున్నాయి. ఆ రోజుల్లో అక్కడ చెక్కు చెల్లకపోతే జైలు. (2022 జనవరి నుంచి ఆ చట్టాన్ని చాలావరకు సడలించారు, కానీ అప్పుడు అదే చట్టం.) ఆయన వెళ్ళి "కట్టిన డబ్బంతా వదులుకుంటాను బాబూ, నా చెక్కులు నాకిచ్చేయండి చాలు" అని బతిమాలి, వాళ్ళు పెట్టమన్న చోటల్లా సంతకం పెట్టి, చెక్కులు చింపుకుని వచ్చారు. పిల్లలిద్దర్నీ సంవత్సరం మధ్యలో బడి మాన్పించి కాకినాడ చేరారు.

అక్క పుట్టింటి హారం, నాలుగు గాజులు బ్యాంకు అప్పుకి వెళ్ళాయి. ఏళ్ళు గడిచాక ఒకసారి బీరువా సర్దుతుంటే ఆ ఫ్లాటు తాలూకు రంగుల పుస్తకం బయటపడింది. నిగనిగలాడే కాగితం మీద బాల్కనీ, బాల్కనీలో కాఫీ తాగుతున్న జంట. అక్క దాన్ని చూసి ఏడవలేదు. "మేం కొన్నది ఇల్లు కాదే, ఇంటి బొమ్మ" అంది. అక్కడ బొమ్మ మిగిలింది, అసలు చోట గొయ్యి మిగిలింది.

హోటల్లో అద్దాల పెట్టె ముందు నిలబడితే నాకు ఈ మాటే చెవిలో వినిపించింది.

పొంగు తగ్గుతోందని ఎలా తెలుస్తుంది?

మావారు ఒప్పుకోలేదు. "అది 2008. ఇప్పుడు చట్టాలు మారాయి. చూడు, అందరూ కొంటున్నారు" అన్నారు. న్యాయంగా చెప్పాలంటే ఆయన మాటలో కూడా నిజం ఉంది. ఆ దెబ్బ తర్వాత ధరలు మళ్ళీ లేచాయి. 2014 దాకా పెరిగి, మళ్ళీ 2020 దాకా మెల్లగా దిగి, కరోనా తర్వాత 2021 నుంచి మళ్ళీ పరుగెత్తాయి. 2021లో కొన్నవాళ్ళు బాగుపడ్డారు. అది కాదనను.

కానీ మనం అడగాల్సింది "పెరిగిందా?" అని కాదు, "ఇప్పుడు పొయ్యి మీద పాలు ఏ స్థితిలో ఉన్నాయి?" అని. పాలు పొంగేముందు, పొంగు దిగేముందు మనకి తెలియదూ? అలాగే దీనికీ కొన్ని గుర్తులుంటాయి.

2025 మే నెలలో ఫిచ్ అనే సంస్థ, అంటే కంపెనీలకీ దేశాలకీ పరపతి మార్కులు వేసే సంస్థ, ఒక అంచనా చెప్పింది. దుబాయ్‌లో ఇళ్ళ ధరలు 2025 రెండో సగం నుంచి 2026లోకి 15 శాతం మించకుండా తగ్గవచ్చని. కారణం? 2025, 2026 రెండేళ్ళలోనే దాదాపు 2 లక్షల 10 వేల ఇళ్ళు పూర్తయి చేతికి రావలసి ఉన్నాయని. బజారుకి ఒకేసారి బండ్ల కొద్దీ టమాటా వస్తే కిలో ఎంతకి దిగుతుందో మనకి ఎవరూ చెప్పనక్కర్లేదు కదా. అంచనా అంచనాయే, బ్రహ్మవాక్కు కాదు. కానీ అమ్మేవాడు చెప్పని మాట ఇది.

ఆ హోటల్లోనే నేను మరికొన్ని గుర్తులు చూశాను. రిజిస్ట్రేషన్ ఫీజు మేమే కడతామన్నారు. తాళాలిచ్చాక కూడా మూడేళ్ళు వాయిదాలు కట్టుకోవచ్చన్నారు. ఈ రోజే బుక్ చేస్తే బంగారు నాణెం అన్నారు. మంచి చీరకి మా ఊరి బట్టల కొట్టువాడు డిస్కౌంటు బోర్డు పెట్టడు. ఆషాఢం వస్తేనే పెడతాడు. సరుకు కదలనప్పుడే బోర్డు బయటికొస్తుంది.

కాగితం మీద లెక్క

ఆ రాత్రి అమ్మాయి లెక్కల నోటుబుక్కు తీసుకుని కూర్చున్నాను. దిర్హామ్ 24 రూపాయలనుకున్నాను. మీరూ నాతో లెక్క వేయండి.

ఫ్లాట్ ధర 10 లక్షల దిర్హామ్‌లు, అంటే 2 కోట్ల 40 లక్షలు. మనం కట్టే 40 శాతం 4 లక్షల దిర్హామ్‌లు, అంటే 96 లక్షలు. తాళాల రోజున కట్టవలసింది 1 కోటి 44 లక్షలు.

దుబాయ్ భూమి శాఖ వారి ఫీజు ధరలో 4 శాతం. కంపెనీవాళ్ళు కట్టకపోతే అది మనదే, 9 లక్షల 60 వేలు. పాత ఫ్లాటయితే దళారీకి మామూలుగా 2 శాతం, దానిమీద 5 శాతం వ్యాట్. ఇల్లు చేతికొచ్చాక ఏటా చదరపు అడుగుకింత అని నిర్వహణ రుసుము. అద్దెకి మనుషులున్నా లేకపోయినా అది ఆగదు.

ఇక ధర 15 శాతం తగ్గిందనుకోండి. మావారు "పదిహేనేగా" అన్నారు. ఇక్కడే ఉంది కిటుకు. తగ్గేది మనం కట్టిన దాంట్లో పదిహేను శాతం కాదు, మొత్తం ధరలో. అంటే లక్షన్నర దిర్హామ్‌లు, 36 లక్షలు. మనం కట్టింది 96 లక్షలు. అందులో మూడో వంతుకు పైగా గాలికి పోయినట్టే. పెరిగినప్పుడు రెట్టింపు చేసే లెక్కే, తగ్గినప్పుడు నిలువునా కోస్తుంది.

సరే, తాళాల రోజుకి కొనేవాడు దొరకలేదు, మన దగ్గర కోటిన్నర లేదు. వాయిదా కట్టడం మానేస్తే? దీనికి అక్కడ చట్టం ఉంది. 2020లో సవరించిన ప్రకారం, భవనం 60 శాతం కన్నా తక్కువ పూర్తయి ఉంటే కంపెనీ ఫ్లాటు ధరలో 25 శాతం వరకు ఉంచుకోవచ్చు. 60 దాటితే 40 శాతం వరకు. మళ్ళీ చూడండి, కట్టినదాంట్లో కాదు, ధరలో. అంటే మనం కట్టిన 40 శాతమూ కృష్ణార్పణం అయ్యే వీలుంది.

నోటుబుక్కు చూపిస్తే మావారు చాలాసేపు మాట్లాడలేదు.

మన దేశం గడప దాటాలంటే

ఇవి అటువైపు లెక్కలు. ఇటువైపు కూడా ఉన్నాయి. ఇక్కడ ఉండేవాళ్ళు విదేశంలో ఇల్లు కొనడం తప్పేమీ కాదు. రిజర్వు బ్యాంకు పథకం కింద ఒక్కొక్కరు ఏడాదికి 2 లక్షల 50 వేల డాలర్ల వరకు పంపవచ్చు. కానీ బ్యాంకు ద్వారానే పంపాలి. దానికోసం ఇక్కడి బ్యాంకు అప్పు ఇవ్వదు. ఇంకో సంగతి, 2025 ఏప్రిల్ నుంచి ఏడాదిలో 10 లక్షలు దాటి ఇలా పంపితే, దాటిన దానిమీద 20 శాతం బ్యాంకు ముందే పన్నుగా పట్టుకుంటుంది. 96 లక్షలూ ఒకే ఏడాది ఒకే పేరు మీద పంపితే 86 లక్షల మీద 17 లక్షల 20 వేలు అదనంగా కట్టాలన్నమాట! పన్ను రిటర్ను వేసినప్పుడు సర్దుబాటు చేస్తారు, మిగిలితే తిరిగిస్తారు. కానీ అందాకా ఆ డబ్బు మన చేతిలో ఉండదు.

అక్కడి ఇల్లు మన పేరున ఉంటే ఏటా రిటర్నులో ఆ సంగతి చూపించాలి. అద్దె వస్తే దానికీ ఇక్కడ లెక్క చెప్పాలి. చూపించకపోతే 2015 నల్లధనం చట్టం కింద 10 లక్షల జరిమానా పడవచ్చు. హోటల్లో ఒక కుర్రాడు "మేడమ్, అవన్నీ ఎవరూ చూపించరు. డబ్బు ఇక్కడే మాకివ్వండి, అక్కడ కట్టేస్తాం" అన్నాడు. అంటే హవాలా అన్నమాట. నేను చేతులు జోడించి వచ్చేశాను. అలాంటి మాట వినబడిన చోట మంచినీళ్ళు కూడా తాగకండి.

ఎన్నారైలుగా అక్కడే సంపాదించుకుంటున్నవాళ్ళకి ఈ పంపకాల బాధ లేదు. మా మరిదికి లేదు. కానీ అతనికి ఇంకో పెద్ద బాధ ఉంది. అది అతనికి కనబడలేదు.

వదిన చెప్పిన మాట

మర్నాడు మరిదికి నేనే ఫోన్ చేశాను.

"వదినా, మీరు భయపడుతున్నారు. పెద్దక్కావాళ్ళ రోజులు కావివి. ఇప్పుడు కొనేవాళ్ళ డబ్బు ప్రత్యేక ఖాతాలో ఉంటుంది. పని జరిగిన కొద్దీ బిల్డరుకి ఇస్తారు" అన్నాడు.

"తెలుసు బాబూ. ఆ చట్టం 2007లోనే వచ్చింది. మా బావగారు కట్టింది 2008లో. ఆయన చెక్కు రాసింది మధ్యవర్తి ఆఫీసు పేరున. చట్టం ఉంటే చాలదు, చెక్కు ఎవరి పేరున రాస్తున్నామో కూడా చూసుకోవాలి" అన్నాను.

"సరే, నేను చూసుకుంటాను."

"ఇంకొకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. మీ కంపెనీ దేనిమీద నడుస్తోంది?"

"కట్టడాల మీద."

"ఆ కట్టడాలు తగ్గితే?"

అటువైపు చప్పుడు లేదు.

"ధర పడిపోయే రోజూ, నీ జీతం ఆగే రోజూ ఒకటే అవుతుంది బాబూ. బావగారికి అదే జరిగింది. ఫ్లాటు ఒక్కటే పోతే ఉద్యోగంతో కట్టుకునేవారు. ఉద్యోగం ఒక్కటే పోతే ఫ్లాటు అమ్ముకునేవారు. రెండూ ఒకే తాడుకి కట్టారు కనక రెండూ ఒకేసారి నూతిలో పడ్డాయి. నువ్వు ఇప్పుడు మూడోది, మా అమ్మాయి స్థలం కూడా అదే తాడుకి కడదామంటున్నావు."

మరిది "సరే వదినా, అన్నయ్యతో మాట్లాడతాను" అని ఫోన్ పెట్టేశాడు. కోపం వచ్చిందని నాకు తెలుసు. నాలుగు రోజులు ఫోన్ లేదు. మావారు కూడా ముభావంగానే ఉన్నారు. వరలక్ష్మీ వ్రతం నాడు వాయనాలిస్తున్నానే గానీ మనసంతా బరువుగా ఉంది. నా భయం వల్ల అతని అదృష్టం చెడగొడుతున్నానేమో అని ఒక పక్క, ఊరుకుంటే రేపు నా కూతురికి ఏం జవాబు చెప్పాలని ఒక పక్క.

ఆ సాయంత్రం మా తోటికోడలు ఫోన్ చేసింది. గొంతు తగ్గించి, "అక్కా, మీరు చెప్పారు గానీ నేను చెప్పలేకపోయాను. వాళ్ళ ఆఫీసులో ఇద్దర్ని అప్పుడే తీసేశారు. ఆయన మీకు చెప్పలేదు" అంది. నాకు ఒళ్ళు జల్లుమంది. మనిషికి భయం వేసినప్పుడే త్వరగా ధనవంతుడైపోవాలనిపిస్తుందేమో! మరిది మీద నాకున్న కోపం కాస్తా ఆ క్షణంలోనే పోయింది.

మేం అడిగిన ప్రశ్నలు

తర్వాతి ఆదివారం నలుగురం ఫోన్లోనే కూర్చుని మాట్లాడుకున్నాం. కొనకూడదని శపథం పట్టలేదు. నిజానికి పొంగు తగ్గేటప్పుడు బేరం కొనేవాడి చేతిలో ఉంటుంది. తొందర లేనివాడికి అదే మంచి కాలం. అందుకని కొన్ని ప్రశ్నలు రాసుకున్నాం. ఆ చీటీ ఇప్పటికీ మా ఫ్రిజ్ మీద అంటించి ఉంది. మీకూ చెప్తాను.

1. ఉండడానికా, అమ్మడానికా? ఉండడానికైతే ఇప్పుడు కడుతున్న అద్దెతో పోల్చాలి. అమ్మడానికైతే, ఎవరూ కొనకపోతే మనమే మొత్తం కట్టగలమా? కట్టలేకపోతే అక్కడితో ఆపెయ్యాలి.

2. కట్టిన ఇల్లా, కట్టబోయే ఇల్లా? పూర్తయిన ఇంటికి తలుపు తీసి, కుళాయి తిప్పి, పక్కింటివాళ్ళని అద్దె ఎంతని అడగవచ్చు. కట్టబోయేదానికి బేరమంటే నీళ్ళలో గేదెని బేరం చేసినట్టే.

3. కట్టబోయేదైతే, ఆ ప్రాజెక్టు దుబాయ్ భూమి శాఖలో నమోదైందా? ఎంత శాతం పని అయింది? వాళ్ళ దుబాయ్ రెస్ట్ అనే యాప్‌లోనే చూడవచ్చు. బ్రోచరు మాట వద్దు.

4. డబ్బు వెళ్ళేది ఆ ప్రాజెక్టు పేరున ఉన్న ప్రత్యేక ఖాతాకేనా? మనిషి పేరునా, దళారీ పేరునా అయితే వద్దు.

5. ధర అయిదో వంతు తగ్గినా, ఉద్యోగం ఆరు నెలలు లేకపోయినా వాయిదా కట్టగలమా?

6. ఎవరి పేరున? భార్య పేరు కూడా ఉందా? యజమానికి ఏదైనా అయితే ఎవరికి చెందుతుంది? అక్కడ ముస్లిమేతరులు వీలునామా నమోదు చేసుకునే వీలు 2015 నుంచి ఉంది. కొన్నరోజునే అది కూడా రాయించాలి. ఆడవాళ్ళం ఈ ప్రశ్న అడగడానికి మొహమాటపడతాం. మొహమాటపడకండి.

7. ఈ డబ్బు పోతే ఇంట్లో ఎవరి ఏ పని ఆగిపోతుంది? ఆ మనిషిని అడిగామా?

ఏడో ప్రశ్నకి మావారు మా అమ్మాయిని పిలిచి అడిగారు. అది "నా స్థలమా? నాకెప్పుడూ చెప్పలేదేం నాన్నా?" అని నవ్వేసింది. మావారు కళ్ళు తుడుచుకోవడం నేను చూడనట్టు వంటింట్లోకి వచ్చేశాను.

గోల్డెన్ వీసా సంగతి కూడా చెప్పాలి. 20 లక్షల దిర్హామ్‌ల ఆస్తి కొంటే పదేళ్ళ వీసా ఇస్తారని చాలామందికి అదో ఆశ. వీసా మంచిదే. కానీ వీసా కోసం మన తాహతుకి మించిన ఇల్లు కొనడమంటే, ముక్కుపుడక కోసం ముక్కు పెద్దది చేయించుకున్నట్టు. ఉద్యోగం ఉంటే వీసా ఎలాగూ ఉంటుంది.

చివరికి ఏమైందంటే, మా స్థలం మా స్థలంగానే ఉంది. మరిది ఆ ఫ్లాటు బుక్ చేయలేదు. వాయిదాలకి అనుకున్న డబ్బులో ఏడాది ఇంటి ఖర్చు పక్కన పెట్టి, మిగతాది డిపాజిట్ చేశాడు. తాము ఉంటున్న పేటలోనే ఎప్పుడైనా పూర్తయిన చిన్న ఫ్లాటు తాహతులో దొరికితే, అద్దె బదులు కొనుక్కుంటామంటున్నాడు. అది సబబైన మాట. అతనికి కావలసింది నాకు తెలుసు, పన్నెండేళ్ళు పరాయి గోడల మధ్య ఉన్నవాడికి తనదంటూ ఒక గోడ కావాలి, మేకు కొట్టుకోవడానికి ఎవర్నీ అడగనక్కర్లేని గోడ. ఆ కోరికని తప్పు పట్టడానికి మనమెవరం?

ఈ సంగతంతా మా అక్కకి చెప్పాను. విని, "మా 18 లక్షలకి ఇన్నాళ్ళకి వడ్డీ వచ్చిందే" అంది. ఆ మాట అన్నప్పుడు దాని గొంతులో చాలా ఏళ్ళ తర్వాత తేలిక వినిపించింది.

ఇంట్లో పెద్ద డబ్బు కదిలేటప్పుడు "నాకేం తెలుసు, మీ ఇష్టం" అని గరిటె తిప్పుకుంటూ కూర్చోకండి. పాలు పొంగిపోయేముందు స్టవ్ తగ్గించే చెయ్యి ఆ ఇంట్లో సాధారణంగా మనదే కదా! మీ ఇంట్లో ఇలాంటి లెక్కలేమైనా జరిగితే నాకు రాయండి. వచ్చే వారం డబ్బు గొడవలు పక్కన పెట్టి, బూజు పట్టకుండా ఊరగాయ జాడీ ఎలా దాచుకోవాలో చెప్పుకుందాం. అందాకా సెలవు.